తడి అక్షరాలు

ఊత్తంగరై దగ్గర చెరువుకట్ట తెగి పదకొండు మంది కూలీలు చనిపోయి రెండేళ్లయింది. ఆ కట్టలో మంత్రి మనుషులు ఉత్త ఇసుకే పోశారని తేల్చిన రహస్య నివేదిక, 1978లో, హోసూరులోని ఒక చిన్న ప్రెస్సుకు చేరింది. తెల్లారితే అచ్చు. ఆ సాయంత్రమే ఎవరో వచ్చి బెదిరించి పోయారు.

"పేజీలు విప్పేయప్పా, నాకు పిల్లలుండారు," అని ఓనరు బద్రీనాథ్ ఇంటికెళ్లిపోయాడు.

కంపోజిటర్ ఆంజినప్ప ఒక్కడే కూర్చుని సీసపు అక్షరాలన్నీ విప్పి పెట్టె గళ్లలో వేశాడు. దీపం ఆర్పబోతుంటే వెనకాల టిక్కుమంది. కాసేపటికి మళ్లీ టిక్కుమంది. తిరిగి చూస్తే బల్లమీద ఒక వరుస పేర్చి ఉంది. అక్షరాల నిండా తడి బురద. అన్నీ నిటారుగా ఉన్నాయి. అలా పేరిస్తే అచ్చులో వరుస తిరగబడుతుంది; పని తెలియని వాళ్లు చేసే తప్పే అది.

ఆ కట్ట కింద పడి పోయిన అతని అక్క కెంపమ్మ, బతికుండగా రోజూ సంగటి తెచ్చి, అతని పని చూస్తూ అక్కడే కూర్చునేది.

ఆంజినప్ప బల్ల దగ్గరికి జరిగాడు.

"అట్ల కాదక్కా, తలకిందులుగా పెట్టాల," అంటూ వరుసలు పేర్చే ఇనుప స్టిక్కులో ఒక అక్షరం పెట్టి చూపించి, దాన్ని చీకట్లోకి చాచాడు.

కాసేపటికి చేతిలో స్టిక్కు ఇంకో అక్షరమంత బరువెక్కింది.

రెండో చేత్తో అతను సిరాడబ్బా మూత తీశాడు.