కూర్చుని అమ్మే మంచాలు

మంచాల షావుకారు చెప్పులు విప్పి, మంచమెక్కి, నట్టనడుమ దభీమని కూర్చున్నాడు. మంచం కిమ్మనలేదు. కొనడానికొచ్చిన కొత్త దంపతులు మొహమొహాలు చూసుకున్నారు. ఆయన అలాగే కూర్చుని అటూ ఇటూ ఊగి, "ఇంకేమైనా అడగాలా అమ్మా?" అన్నాడు. వాళ్ళేమీ అడగలేదు. మంచం అమ్ముడుపోయింది.

ఆయన వ్యాపారమంతా ఆ కూర్చోవడంలోనే ఉంది. మనిషి నూట నలభై కిలోలు. వీధి చివరి దుకాణంవాడు రంగురంగుల దీపాలు పెట్టి వాయిదాల మీద ఇస్తానన్నా జనం ఇక్కడికే వచ్చేవారు. మంచాలు చేసి తెచ్చే వడ్రంగి మేస్త్రీతో మొదట్లోనే ఒప్పందం చేసుకున్నాడు. వచ్చిన ప్రతి మంచం మీదా తను కూర్చుంటాడు. విరిగిందో, సరుకు వాపసు, నష్టం మేస్త్రీది. ఇన్నేళ్ళలో ఒక్కటీ వాపసు పోలేదు. కర్ర కొనిచ్చేది తనే కాబట్టి, అదంతా తన కంటి చలవేనని షావుకారు నమ్మకం.

కూర్చోవడం బాగానే ఉంది, దిగడమే గండం. మోకాళ్ళు మొరాయించాయి. బావమరిది గల్లాపెట్టె వదిలి వచ్చి రెండు చేతులా పట్టి లేపాల్సివచ్చింది. ఆ సంగతి ఇంట్లో తెలిసిన సాయంత్రమే భార్య ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరు కాగితం మీద పొట్ట బొమ్మ గీసి, అందులో ముప్పాతిక భాగం కొట్టేశాడు. బరువు తగ్గే ఆపరేషన్‌లో ఆ భాగం తీసేస్తారట. షావుకారు కాగితం దగ్గరికి లాక్కుని చూశాడు. ఏ బేరంలోనూ ముప్పాతిక వంతు వదులుకున్న మనిషి కాడు.

"అంటే గోడౌన్ చిన్నది చేస్తే సరుకు తక్కువ దిగుతుందంటారు."

"అంతేనండీ. కానీ కుక్కుతూపోతే చిన్న గోడౌనూ సాగుతుంది. నోరు కట్టుకోవడం మాత్రం మీ పనే" అన్నాడు డాక్టరు.

ముందు లాభాలు చెప్పమన్నాడు షావుకారు. షుగరు అదుపులోకి రావచ్చు, బీపీ దిగవచ్చు, మోకాళ్ళు తేలికపడవచ్చు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం తగ్గవచ్చు. ఇక నష్టాలు. కుట్లు వేసినచోట కారవచ్చు, కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు, పిత్తాశయంలో రాళ్ళు పుట్టవచ్చు. చర్మం వేలాడుతుంది. బతికినన్నాళ్ళూ విటమిను మాత్రలు మింగాలి. ఎక్కడో అరుదుగా ప్రాణం మీదికీ వస్తుంది.

ఇన్ని 'వచ్చు'ల మధ్య షావుకారుకు ఊపిరాడలేదు. గ్యారంటీ ఎన్నాళ్ళని అడిగాడు. మనుషులకు గ్యారంటీ ఇవ్వడం తన చేతకాదన్నాడు డాక్టరు. చేయించుకోకపోతే వచ్చే నష్టాన్ని కూడా లెక్కలో వేసుకోమన్నాడు. ఆ పద్దు షావుకారు అంతవరకూ వేసుకోలేదు.

ఇంటికొచ్చాక వాదన ముదిరింది. బావమరిది ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"నువ్వు తగ్గితే కొట్టు మూతే బావా. పుల్లలాంటి మనిషి కూర్చుని లేస్తే మంచం గట్టిదని ఎవడు నమ్ముతాడు?"

షావుకారు తలూపాడు. తన మనసులో మాటా అదే. అప్పుడు భార్య కల్పించుకుంది.

"మంచం విరగదని ఊరందరికీ హామీ ఇస్తారు. ఆ మంచం మీద పడుకున్న మీ ఊపిరి ఆగుతుందేమోనని రోజూ నేను మేలుకుని కాపలా కాస్తున్నాను. నాకెవరిస్తారండీ హామీ?"

ఇన్నేళ్ళూ ఆవిడకు నిద్ర తక్కువని మాత్రమే అనుకున్నాడాయన. కొట్టు దెబ్బతింటే మళ్ళీ నిలబెట్టుకోవచ్చు, మనిషే పోతే నిలబెట్టేదెవరు అని లెక్క తేల్చుకుని, మర్నాడే డాక్టరుకు సరేనని కబురు పెట్టాడు.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. మొదట్లో నీళ్ళు కూడా చెంచాతో తాగాల్సివచ్చి, చెంచా కనిపెట్టినవాణ్ణి తిట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి మనిషి దాదాపు సగమయ్యాడు. షుగరు దిగింది, మోకాళ్ళు మాట విన్నాయి. భార్య హాయిగా నిద్రపోతోంది. ఇంట్లో గురక ఇప్పుడు ఆవిడది.

కొట్టులో మాత్రం బావమరిది భయపడ్డట్టే అయింది. ఈయన కూర్చుంటే వచ్చినవాళ్ళు మర్యాదకు చూసి వెళ్ళిపోయేవారు. ఆలోచించి, తన పాత ఫొటో ఒకటి నిలువెత్తున పెద్దది చేయించి గోడకు తగిలించాడు. 'వీరు కూర్చుని చూసిన రకం మంచాలు' అని కింద రాయించాడు. మొదటి రోజే ఒక పెద్దావిడ ఫొటోకు దణ్ణం పెట్టి, "మీ నాన్నగారు ఎప్పుడు పోయారు బాబూ?" అంది. షావుకారు నోరు తెరిచేలోపే బావమరిది ఈమధ్యేనని చెప్పేశాడు. ఆవిడ రెండు మంచాలు కొంది. బేరం చెడగొట్టడం ఎందుకని షావుకారు తన చావుకు తనే తలొంచుకుని నిలబడ్డాడు.

వ్యాపారం పుంజుకుంది. మంచాలెక్కి కూర్చోవడం షావుకారు మానేశాడు. ఆపరేషన్‌లో నష్టాల వైపు రాసుకోవడానికి ఇక ఒక్క పద్దూ మిగల్లేదని డాక్టరుకు కూడా చెప్పివచ్చాడు.

ఆ వారమే ఒక పెద్ద కుటుంబం మంచాలు చూడ్డానికి వచ్చింది. పాత హుషారు పుట్టి, షావుకారు చెప్పులు విప్పి, మంచమెక్కి, నడుమ కూర్చున్నాడు. ఫెళ్ళుమంది. మంచం రెండు ముక్కలైంది, షావుకారు నేలమీద తేలాడు. కుటుంబం ఒకసారి ఫొటోకేసి, ఒకసారి ఆయనకేసి చూసి, చప్పుడు చేయకుండా బయటికి నడిచింది.

కబురందుకుని మేస్త్రీ వచ్చాడు. విరిగిన మంచం కింద దూరి చూసి, దుమ్ము దులుపుకుంటూ లేచాడు.

"అదే కర్ర, అదే నువ్వు" అన్నాడు షావుకారు నడుం పట్టుకుని. "నూట నలభై కిలోలకు కిర్రుమనని మంచం, అందులో సగానికే ఎలా విరిగింది మేస్త్రీ?"

మేస్త్రీ తల గోక్కున్నాడు.

"మీరు చిక్కారు కదాని, కర్ర లోపల ఇనప పట్టీలు వేయడం మానేశానండీ."