తీగ మీద దుప్పట్లు

"పక్కింటి వర్లిన్‌కి కరోనా సాయం చెక్కు వచ్చిందట!" అన్నాను.

మా ఆవిడ మార్లిస్ పెరట్లో తీగ మీద తడి దుప్పట్లు ఆరేస్తోంది. "మనకీ వచ్చిందిగా."

"మన మొక్కజొన్నకి ముష్టి వేశారు. వాడి పందులకి దోసిళ్ళతో పోశారు. పందుల్ని అమ్ముకున్నదొకటి, సర్కారు సొమ్మొకటి. రెండు చేతులా సంపాదిస్తున్నాడు!"

"పొద్దున్నే ఆ ఏడుపు ఆపు. పెళ్ళై ఈ అయోవాకి వచ్చాక, ఆ పందుల కంపు లేకుండా బయట బట్టలారేయడం ఇదే మొదటిసారి. అదుగో, అతనే వస్తున్నాడు."

మా నిచ్చెన తిరిగివ్వడానికి కంచె దాటి వచ్చాడు వర్లిన్. నా నోరు ఊరుకోలేదు.

"ఏం వర్లిన్, కొత్త ట్రాక్టరెప్పుడు? పందులన్నీ మంచి రేటుకే పోయినట్టున్నాయి!"

"ఎవరు కొంటారు? పనివాళ్ళకి కరోనా వచ్చి కబేళా మూసేశారు కదా. మేపలేక నా చేతులతోనే చంపి, కొట్టం వెనక పూడ్చాను. చెక్కు బ్యాంకు అప్పుకే పోయింది."

వర్లిన్ తీగ వైపు చూశాడు.

"బాగా ఆరతాయి మార్లిస్. ఇక కంపు రాదులే," అని వెనక్కి తిరిగాడు.

అతను కంచె దాటకముందే మార్లిస్ నీళ్ళు కారుతున్న దుప్పటిని తీగ మీంచి లాగింది. రెండో కొస నేను పట్టుకున్నాను.