నమూనాలో లేని ఇల్లు

రేపు నగర కమిటీ ముందు పెట్టాల్సిన నమూనా ఆఫీసు బల్ల మీద సిద్ధంగా ఉంది. అట్టముక్కలతో చేసిన పాత వీధి, దాని నడుమ కొత్త అపార్ట్‌మెంట్ టవర్. చూస్తే ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు ఎంచక్కా ఒదిగిపోయింది. ఒదగనిది ఒక్క ఇల్లే. టవర్ నీడ పొద్దస్తమానం దాని మీదే పడుతుంది. అందుకే డిజైనర్ చడీచప్పుడు లేకుండా ఆ ఇంటిని పీకేసి, ఆ చోట స్పాంజి చెట్లు అతికించాడు.

కొలతలకు వెళ్లిన రోజు అతను చలికి వణుకుతుంటే ఆ ఇంటి ముసలమ్మే గుమ్మంలో ఎండ పడే చోట కూర్చోబెట్టి, గ్లాసుడు టీ ఇచ్చింది.

"మా ఇల్లూ పెడతావుగా నాయనా?"

"పెట్టకుండా ఎలా ఉంటానమ్మా!"

ఆ మాట గుర్తొస్తే ఎవరూ లేని గదిలో కూడా తల దించుకోవాలనిపిస్తుంది.

లైట్లార్పి బయల్దేరబోతూ ఆగిపోయాడు. స్పాంజి చెట్ల మధ్య ఆవగింజంత వెలుగు. అక్కడ బల్బు లేదు. వంగి చెవి పెట్టాడు. ఎవరో గుమ్మం ఊడుస్తున్నట్టు సన్నగా చీపురు చప్పుడు.

ఫోన్ మోగింది. పెద్దసారు.

"ఆ చెట్లున్న చోట ఏముందని ఎవరైనా అడిగితే ఏం చెప్తావయ్యా?"

చీపురు ఆగింది, జవాబు వినడానికన్నట్టు.

"ఖాళీ స్థలం సార్," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "అక్కడెవరూ ఉండరు."

వెలుగు ఆరిపోయింది. చీకట్లో, అతని పక్కనే, బల్ల మీద ఎవరో గ్లాసు పెట్టిన చప్పుడు. ముంజేతికి వెచ్చగా ఆవిరి తగిలింది.