నమ్మకమైన కంపెనీ

"ఏమండీ, అదే యూరప్ రైలు పాసు ఈ సైటులో నాలుగు వేలు తక్కువకి వస్తుంటే, ఎప్పుడూ కొనే కంపెనీలోనే కొనమంటారేంటి?" అంది భార్య.

"అది నమ్మకమైన కంపెనీ," అన్నాడాయన పేపర్లోంచి తలెత్తకుండా.

చీపురుకట్టకు నాలుగు కొట్లు తిరిగే మనిషి! అనుమానమొచ్చి రెండు కంపెనీల షరతులూ పోల్చి చూసింది. తేడా ఒక్కటే. ఆయన చెప్పిన కంపెనీవాళ్ళు వాడని పాసుకు పూర్తి డబ్బు వాపసిస్తారు.

పోయినేడూ, అంతకుముందేడూ పాసులు అక్కడే కొన్నాడు. బయల్దేరే ముందు ఒకసారి ఆఫీసు పనన్నాడు, ఒకసారి నడుంనొప్పన్నాడు; రెండుసార్లూ ప్రయాణం మానిపించాడు. ఆ నడుముకు వారం రోజులు కాపడం పెట్టింది తనే.

"ఈసారికి ఏ సాకు దాచిపెట్టారు?"

ఆయన పేపరు మొహానికి అడ్డంగా ఇంకాస్త పైకెత్తాడు.

ఆవిడ వాపసు లేని పాసే ఎంచుకుంది. ఎంతమందికని సైటు అడిగితే, ఒక్కరికే అని నొక్కింది.