గడ్డ గొంతు

పొయ్యి పక్కన పెట్టె మళ్లీ మాట్లాడింది. ఒంట్లో కణాల మాటల్ని మనిషి మాటల్లో వినిపించే ఆ పెట్టె ఇప్పుడు కేన్సర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంది. తాయారమ్మ కొడుకు గిరిధర్ కడుపులోని గడ్డ, వాడి గొంతుతోనే ఇరుగుపొరుగు కణాలను అడుక్కుంటుంది.

"దెబ్బ తగిలింది, కాస్త నెత్తురు పంపండి."

"అయ్యో, పంపుతున్నాం!" అంటాయి మంచి కణాలు, పిచ్చి మాలోకాలు.

వాటిని ఆపాలంటే ఇంట్లోవాళ్లే పెట్టెకు వినబడేలా "వద్దు" అనాలి. ఆర్నెల్లుగా తాయారమ్మ తాలింపు వేస్తూ, బట్టలు ఆరేస్తూ అంటూనే ఉంది. మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు తల కూడా ఎత్తదు.

"ఆకలేస్తోంది, కొంచెం పెట్టవూ?"

"వద్దు!" కసిరింది తాయారమ్మ.

ఈసారి మాట్లాడింది పెట్టె కాదు. నెల రోజులుగా మెతుకు ముట్టని గిరిధర్, కంచం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.