ఇసుకలో రెండు జతలు

"ముద్ర పడిపోయిందే చంద్రా. ఇఖామా వచ్చేసింది, ఖలాస్. ఇంక నిన్నెవరు పంపుతారో చూద్దాం."

మెట్ల మీద నుంచే కేకేస్తూ వచ్చాడు గంగాధర.

చంద్రావతి గరిటెతోనే పరుగెత్తి తలుపు తీసింది. ఆమె విజిట్ వీసా గురువారంతో ఆఖరు. ఇక్కడ ఉండనిచ్చే ఆ ఇఖామా ముద్ర పడకపోతే పెళ్ళయిన మూడో నెలలోనే ఒంటరిగా విమానమెక్కి అమలాపురం చేరాల్సిందే.

పాస్‌పోర్టు చొక్కా జేబులోనే ఉంచుకుని, భార్యను సముద్రం ఒడ్డుకు లాక్కుపోయాడు. కువైట్ సాల్మియాలో వాళ్ళ బిల్డింగు వెనకే సముద్రం.

దారిలో, పని ముగించుకుని వస్తూ, రోజూ కనిపించే ముసలాయన. ఖాకీ ప్యాంటు, చేతిలో ఇనుప పళ్ళ దంతె. రోజూ సాయంత్రం ఇసుకంతా చదును చేస్తాడు. కింది వాటాలో ఉండే రష్యా ఆవిడ పెట్టుకున్న తోటమాలి అనుకున్నారు. గడ్డిపరకైనా లేనిచోట తోటమాలి ఎందుకో అని చంద్రావతి నవ్వేది.

కిందటి వారం గంగాధర జాలిపడి ఆయనకు తన పాత చొక్కా ఇచ్చాడు. ఆయన రెండు చేతులా అందుకున్నాడు.

మర్నాడు పొద్దున చూస్తే జేబులో పాస్‌పోర్టు లేదు.

ఇద్దరూ కిందికి పరుగెత్తారు. ముసలాయన అప్పటికే ఇసుకను చూస్తూ నిలబడి ఉన్నాడు.

గంగాధర ఖాళీ జేబు చూపించాడు. పుస్తకం తెరిచినట్టు, ముద్ర గుద్దినట్టు అభినయించాడు.

ముసలాయన వంగి నడిచాడు.

"టూ," అన్నాడు, రెండు జతల అడుగులు చూపించి.

ఇంకొంచెం ముందుకెళ్ళాడు. "టూ."

ఆగాడు. "వన్."

అక్కడ ఒక్క జతే ఉంది, లోతుగా. వేలితో గాలిలో సున్నా చుట్టి చంద్రావతి వైపు చూశాడు.

ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. "మీరు నన్నెత్తుకుని తిప్పింది ఈయనకెలా తెలిసిందండీ?"

"నీ బరువు ఇసుక చెప్పేసినట్టుంది."

"ఆయ్, ముందు పాస్‌పోర్టు దొరకనివ్వండి. తర్వాత మీ పని చెబుతాను."

ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకను వేళ్ళతో పాయ తీశాడు. పాస్‌పోర్టు బయటపడింది. దులిపి, తెరిచి, ఫొటోనూ ఆమె మొహాన్నీ చాలాసేపు పోల్చి చూశాడు. అప్పుడు నవ్వి ఆమె చేతిలో పెట్టాడు.

శుక్రవారం సెలవు. చంద్రావతి పులిహోర కలిపింది. ఇద్దరూ వెళ్ళి రష్యా ఆవిడ తలుపు తట్టారు.

"మీ తోటమాలి తాతగారిని ఓసారి భోజనానికి పంపిస్తారా?" అన్నాడు గంగాధర ఇంగ్లీషులో.

"తోటమాలా?" ఆమె నవ్వింది. "మా నాన్న. నన్ను చూడ్డానికి వచ్చారు. పొద్దున్నే విమానమెక్కించాను."

ఇచ్చిన పాత చొక్కా గుర్తొచ్చి గంగాధర నాలిక్కరుచుకున్నాడు. చంద్రావతి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నొచ్చుకోకండి," అంది రష్యా ఆవిడ. "రేపు నాన్నకు ఉత్తరం రాస్తాను, మీరూ అందులో ఓ ముక్క రాద్దురుగాని. సోవియట్ సరిహద్దు దళంలో జనరల్‌గా రిటైరయ్యేదాకా నలభై ఏళ్ళు ఇలాగే నేల చదును చేయించి, దానిమీద పడ్డ అడుగులు చూసి కాగితాలు లేనివాళ్ళను పట్టుకున్నారాయన, అడుగులు చూసి కాగితం వెతికిపెట్టింది మాత్రం మీ ఒక్కరికే."