విజయేందర్ పేరున్న ఫైలు

కరీంనగర్‌లోని అరవై దుకాణాల వెబ్‌సైట్లు మా ఆఫీసులో ఒకే సర్వర్ మీద నడుస్తాయి. సైటుకు ఎవరొచ్చారో రాసే లాగ్ ఫైళ్లను నిన్నటి దాకా ఎవరైనా తెరిచి చూడగలిగేవారు. ఈ రాత్రి నుంచి ఎవరివి వాళ్లకే. ఆ తాళాలన్నీ నేనొక్కదాన్నే వేశాను.

నాకు ఈ పని నేర్పిన సారయ్య సార్ పోయిన నెల చనిపోయారు. నచ్చితే "మంచిగ చేసినవ్, బిడ్డా" అనేవారు. ఆయన ఖాతాను సాయంత్రమే తీసేశాను.

నా పెళ్లయి పద్దెనిమిది రోజులు. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన మా ఆయన విజయేందర్, తినమని సర్వపిండి డబ్బా విప్పాడు.

"సర్వర్‌ల నీ పేరు మీద ఖాతా తెరిచిన, చూడు!" అన్నాను.

"నాకెందుకే?"

"ఊకెనే. నీ పేరు చూస్తే ముద్దొస్తది."

రాత్రి పన్నెండుకు కొత్త లాగ్ ఫైళ్లు పుట్టాయి. గర్వంగా లెక్కపెట్టాను. అరవై ఒకటి. ఆఖరి దాని యజమాని విజయేందర్.

నవ్వొచ్చింది. సర్వర్ ఫైలు యజమానిని పేరుతో కాదు, ఖాతా నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది; తీసేసిన ఖాతా నంబరును కొత్త ఖాతాకు ఇస్తుంది. సార్ ఫైళ్లను ముందే నా పేరుకు మార్చుకోవలసింది, మరిచాను. అవిప్పుడు మా ఆయనవయ్యాయి.

కానీ ఈ ఫైలు పాతది కాదు. ఆ ఖాతాలోంచి ఎవరో రాస్తున్నట్టు చూస్తుండగానే పెరుగుతోంది.

"నువ్వు గాని లోపలికి పోయినవా?"

"పాస్‌వర్డ్ ఎప్పుడిచ్చినవ్ నాకు?"

ఇక ఎవరూ రాయకుండా ఆ ఫైలుకూ తాళం వేశాను. పెరగడం ఆగింది.

విజయేందర్ వెనక నుంచి నా తల మీద చేయి పెట్టాడు.

"మంచిగ చేసినవ్, బిడ్డా."